పాత బిల్డింగులో కొత్త ఫ్లాట్: మాన్‌హాటన్‌లో ప్రీవార్ అపార్ట్‌మెంట్ కొనడం ఎలా

ప్రకటన ఇంచుమించు ఇలా ఉంటుంది: అప్పర్ వెస్ట్ సైడ్‌లో 1920ల నాటి బిల్డింగు, రెండు బెడ్‌రూములు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు సీలింగు, హెరింగ్‌బోన్ చెక్క నేల, పూర్తిగా రెనొవేట్ చేసిన కిచెన్, సెంట్రల్ పార్కుకు నాలుగడుగులు. ఫొటోలో తెల్లటి మార్బుల్ కౌంటరు, దాని మీద ఒక గిన్నె నిండా నిమ్మకాయలు. ఏ ఇంటి ఫొటో చూసినా ఆ నిమ్మకాయలు ఎందుకుంటాయో నాకిప్పటికీ అర్థం కాలేదు.

జెర్సీ సిటీలో చాలాకాలం అద్దెకుండి, చివరికి మేమూ ఆ నిమ్మకాయల వెంట పడ్డాం. ఒక ఇల్లు చేజారింది, ఒకటి మేమే వదులుకున్నాం, మూడోది కొన్నాం. మార్బుల్ కౌంటరు అమ్మేవాళ్లు మనకు చూపించాలనుకున్నది మాత్రమేనని ఆ తిరుగుడులో తెలిసొచ్చింది. నిజంగా కొనేది గోడ లోపలి పైపులు, బిల్డింగు బ్యాంకు ఖాతా, టెర్రస్ మీది నీళ్ల ట్యాంకు, బిల్డింగును నడిపే బోర్డులో కూర్చున్న ఐదారుగురు మనుషులు. ఫొటోలో పడని ఈ సంగతుల కోసం ఏ క్రమంలో వెళ్లాలో చెబుతాను.

మొదట: ఏం కొంటున్నారో తెలుసుకోండి

ప్రీవార్ అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినది. సెంట్రల్ పార్క్ వెస్ట్ మీద జంట గోపురాలతో కనిపించే శాన్ రెమో, మూడు గోపురాల బెరెస్‌ఫర్డ్ ఆ కాలానివే. రెండూ ఎమరీ రాత్ అనే ఆర్కిటెక్ట్ గీసినవి. అంత పేరున్నవి కాకపోయినా, పక్క వీధుల్లో పన్నెండు, పదిహేను అంతస్తుల ఇటుక బిల్డింగులు చాలా ఉన్నాయి. మనలాంటివాళ్లకు అందేవి అవే.

ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం కో-ఆప్‌లు. అంటే ఫ్లాటు మీ పేరున రిజిస్టర్ కాదు. బిల్డింగు మొత్తం ఒక కార్పొరేషన్ సొంతం. మీరు అందులో షేర్లు కొంటారు, ఆ షేర్లకు తగిన ఫ్లాటులో ఉండే హక్కు 'ప్రొప్రయిటరీ లీజు' రూపంలో వస్తుంది. మన జూబ్లీ హిల్స్ పుట్టిందీ కో-ఆపరేటివ్ సొసైటీ పేరుతోనే కదా అని మా నాన్న అన్నారు. కానీ అక్కడ ప్లాటు సభ్యుడి పేరున రిజిస్టర్ అవుతుంది. ఇక్కడ చేతికొచ్చేది షేర్ సర్టిఫికెట్టే. లోనుంటే దాన్ని కూడా బ్యాంకే పెట్టుకుంటుంది.

అందుకే ఇక్కడ మీకు నచ్చితే సరిపోదు, మీరు బోర్డుకు నచ్చాలి. అద్దెకివ్వాలన్నా, గోడ కదపాలన్నా వాళ్ల అనుమతి కావాలి. రెండేళ్లలో ఇండియా వెళ్లిపోయి ఇల్లు అద్దెకిద్దాం అనుకునేవాళ్లు కో-ఆప్ జోలికి పోకండి, కాండో చూసుకోండి. కాండోలో ఫ్లాటు మీ పేరునే ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ.

ప్రకటనలో 'ల్యాండ్ లీజు' అన్న మాట కనిపిస్తే, బిల్డింగు కింద స్థలం వేరొకరిదని అర్థం. ఆ లీజు తిరగరాసేటప్పుడు నెలసరి మెయింటెనెన్స్ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. ధర చవగ్గా ఉందని అలాంటిదాని జోలికి పోకండి.

తర్వాత: కాగితం మీద లెక్క

ఇల్లు చూడ్డానికి ముందే ఇది చేయండి. చూశాక లెక్క మన మనసుకు నచ్చినట్టే వస్తుంది.

ఉదాహరణకు ధర 12 లక్షల డాలర్లు అనుకుందాం. చాలా కో-ఆప్‌లు కనీసం 20 నుంచి 25 శాతం డౌన్ పేమెంట్ అడుగుతాయి. పార్క్ అవెన్యూ, ఫిఫ్త్ అవెన్యూల మీద సగం కట్టమనేవీ, అసలు లోనే ఒప్పుకోనివీ ఉన్నాయి. 25 శాతమైతే 3 లక్షలు మీవి, 9 లక్షలు లోను. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోనైతే నెలకు సుమారు 5,690 డాలర్లు. మెయింటెనెన్స్ 2,400 వేసుకుంటే మొత్తం 8,090. ఇది మీ నెల ఆదాయంలో 25 నుంచి 30 శాతం దాటకూడదన్నది చాలా బోర్డుల లెక్క. 28 శాతం దగ్గర చూస్తే, ఇంటి మొత్తం ఆదాయం ఏడాదికి దాదాపు 3,47,000 ఉండాలి.

అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. ఇల్లు కొన్నాక కూడా మీ చేతిలో ఏడాది నుంచి రెండేళ్ల ఖర్చుకు సరిపడా నగదు మిగలాలి. రెండేళ్లంటే ఇక్కడ 1,94,000 పైచిలుకు. డౌన్ పేమెంట్ కాకుండా ఇది వేరే. మా మొదటి ఇల్లు ఇక్కడే చేజారిందని నా అనుమానం. మేము 401-కె డబ్బునూ (రిటైర్మెంటు కోసం దాచినది), ఇంకా చేతికి రాని కంపెనీ షేర్లనూ కలిపి చూపించాం. చాలా బోర్డులు వాటిని లెక్కలోకి తీసుకోవు. కారణం చెప్పకుండా కాదనే హక్కు బోర్డుకు ఉంది, కాబట్టి అనుమానం అనుమానంగానే మిగిలిపోయింది.

పన్నుల్లో మన మీద పడేది 'మాన్షన్ ట్యాక్స్'. పేరు చూసి మహల్ కొనేవాళ్లకే అనుకోకండి, 10 లక్షల డాలర్ల నుంచే 1 శాతం. 9,99,000కు కొంటే సున్నా, ఇంకో వెయ్యి వేస్తే 10,000 కట్టాలి. 20 లక్షల దగ్గర అది 1.25 శాతం అవుతుంది, అలా మెట్లెక్కుతూ రెండున్నర కోట్ల డాలర్ల దగ్గర 3.9 శాతానికి చేరుతుంది. బేరమాడేటప్పుడు ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి. కో-ఆప్‌లో ఒక ఊరట ఉంది, మార్ట్‌గేజ్ రికార్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి లోను రిజిస్టర్ చేసినందుకు వేసే పన్ను, ఉండదు. ఇదే 9 లక్షల లోను కాండోకు తీసుకుంటే 1.925 శాతం చొప్పున 17,325 డాలర్లు అదనంగా పోయేవి.

ఇండియా నుంచి డబ్బు తెప్పించేవాళ్లు ఆర్నెల్ల ముందే మొదలుపెట్టాలి. అక్కడుండే అమ్మానాన్నలు ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపగలరు. మీ పేరున ఉన్న ఫ్లాటు అమ్మితే ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఉంచుకునేది) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు. ఇక్కడ పన్ను కట్టేవాళ్లకు విదేశాల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతి వస్తే ఫారం 3520 వేయాలి. పన్నేమీ పడదు, వేయకపోతే మాత్రం జరిమానా గట్టిగానే ఉంటుంది. నిన్నగాక మొన్న ఖాతాలో పడ్డ పెద్ద మొత్తం చూస్తే బ్యాంకూ, బోర్డూ రెండూ ప్రశ్నలేస్తాయి.

ఓపెన్ హౌస్‌లో: నిమ్మకాయలు వదిలేసి వీటిని చూడండి

ముందు వంటగదిలోకి నడవండి. స్టవ్ పైన మెరిసే స్టీలు హుడ్ ఉంటుంది. దాని పైనున్న అలమర తలుపు తీయండి. లోపల నుంచి పైకో గోడకో పోయే గొట్టం కనిపిస్తే అదృష్టం. గిన్నెలూ ప్లేట్లే కనిపిస్తే, ఆ హుడ్ గాలిని జల్లెడ పట్టి మళ్లీ మీ మొహం మీదకే వదులుతుందని అర్థం. ప్రీవార్ ఇళ్లలో ఇదే ఎక్కువ. అలాంటి చోట ఇంగువ పోపు పెడితే ఆ వాసన లిఫ్ట్ దాకా వెళ్లి నిలబడుతుంది. గొట్టం పెట్టించుకుందాంలే అనుకోవద్దు, చారిత్రక ప్రాంతంలో బయటి గోడకు కన్నం వేయడానికి అనుమతి దొరకడం కష్టం. కాబట్టి కిటికీ ఉన్న వంటగది మనకు మార్బుల్ కన్నా విలువైనది. నన్నడిగితే ఇదొక్కటే చాలు ఇల్లు ఎంచుకోవడానికి.

తర్వాత బాత్రూమ్. షవర్ తిప్పండి, సింకు కుళాయి తిప్పండి, ఫ్లష్ లాగండి, మూడూ ఒకేసారి. బ్రోకరు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. షవర్ ధార సన్నబడిపోతే, కొత్త ఫిట్టింగులను పాత ఇనుప పైపులకే తగిలించి ఉండొచ్చు. 90 ఏళ్ల పైపు లోపల తుప్పు పేరుకుని దారి సన్నబడి ఉంటుంది. "బ్రాంచ్ లైన్లు రైజర్ దాకా మార్చారా?" అని అడగండి. నిలువుగా బిల్డింగంతా పోయేది రైజర్, అక్కడి నుంచి మీ కుళాయికి వచ్చేది బ్రాంచ్. ఈ ఒక్క ప్రశ్నతో మీకు సంగతులు తెలుసని బ్రోకరుకు అర్థమవుతుంది. పై అంతస్తుల్లో మాత్రం ధార తక్కువగా ఉండటానికి వేరే కారణం ఉండొచ్చు. నీళ్లు టెర్రస్ మీది చెక్క ట్యాంకు నుంచి దిగుతాయి, ట్యాంకుకు దగ్గరయ్యేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది.

గోడను వేలితో తట్టండి. పాత ప్లాస్టరు గోడ రాయిని తట్టినట్టు గట్టిగా ఉంటుంది, కొత్తగా పెట్టిన షీట్‌రాక్ (జిప్సం పలక) డొల్లగా మోగుతుంది. డొల్ల మోత తప్పేమీ కాదు, ఎక్కడెక్కడ మార్పులు జరిగాయో చెబుతుందంతే. ఆ చోట్లను ఫ్లోర్ ప్లాన్ మీద గుర్తుపెట్టుకోండి, తర్వాతి మెట్టులో అవసరం.

కరెంటు ప్యానెల్ తెరిచి ఎన్ని ఆంపియర్లో చూడండి. అరవై ఆంపియర్ల ఇంట్లో రెండు ఏసీలు, ఇండక్షన్ స్టవ్, వెట్ గ్రైండర్ అన్నీ కలిపి నడవవు. వాషింగ్ మెషీన్ ఉందంటే దానికి బోర్డు అనుమతి కాగితం ఉందా అని అడగండి. పాత డ్రైనేజీ పైపుల్లో సబ్బు నురగ కింద అంతస్తులవాళ్ల సింకుల్లోకి తన్నుకొస్తుందని చాలా బిల్డింగులు మెషీన్లు పెట్టనివ్వవు.

కిటికీ అంచుల దగ్గర పెయింటు పొలుసులుగా లేస్తోందా చూడండి. ఈ నగరంలో ఇళ్లకు సీసం కలిపిన పెయింటు వేయడం 1960లో నిషేధించారు. అంటే ప్రీవార్ ఇంట్లో కింది పొరల్లో అది ఉండే అవకాశం బాగా ఉంది. పాకే వయసు పిల్లలుంటే పరీక్ష చేయించకుండా కొనకండి.

పాత ప్లాన్లలో వంటింటి పక్కన ఏడడుగుల వెడల్పు చిన్న గది ఒకటి ఉంటుంది. ఒకప్పుడది పనిమనిషి గది. హాలు, విడిగా డైనింగ్, వంటిల్లు, రెండు బెడ్‌రూములు, ఈ గది కలిపితే ఇక్కడివాళ్లు 'క్లాసిక్ సిక్స్' అంటారు. మనవాళ్లకు అది చూడగానే పూజగది గుర్తొస్తుంది.

ఇంటికొచ్చి: కంప్యూటర్ ముందు ఒక సాయంత్రం

రెనొవేట్ చేసిన ఇల్లు అన్నప్పుడు అసలు ప్రశ్న, అనుమతితో చేశారా అని. నగర బిల్డింగుల శాఖ రికార్డులు ఉచితంగా చూడొచ్చు. 'బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్'లో పాతవి, 'డీఓబీ నౌ'లో కొత్తవి. అడ్రస్ కొట్టి, మీ ఫ్లాటుకు ఏ పనులకు పర్మిట్ తీసుకున్నారో, పని అయ్యాక 'లెటర్ ఆఫ్ కంప్లీషన్' వచ్చిందో లేదో చూడండి. చాలామంది పర్మిట్ తీసుకుంటారు, పని పూర్తి చేస్తారు, చివరి తనిఖీ చేయించడం మర్చిపోతారు. ఆ పర్మిట్ ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది. రేపు మీరు ఏదైనా పనికి కొత్త పర్మిట్ అడిగితే అది అడ్డం పడొచ్చు.

మేము వదులుకున్న ఇల్లు ఇలాంటిదే. వంటింటికీ డైనింగ్‌కూ మధ్య గోడ తీసేసి విశాలంగా చేశారు, చూస్తే కళ్లు చెదిరాయి. రికార్డులో బాత్రూమ్ పనికి తప్ప దేనికీ పర్మిట్ లేదు. బ్రోకరును అడిగితే "అందరూ అలాగే చేస్తారండి" అన్నట్టు ఒక నవ్వు నవ్వాడు. ఆ గోడలో ఏముండేదో, తీసినవాళ్లు దాన్ని ఏం చేశారో చెప్పేవాళ్లు లేరు. వారం రోజులు మా ఆవిడ ఆ వంటిల్లు తలుచుకుంటూనే ఉంది.

ఇంకొకటి: బాత్రూమును గానీ కిచెన్‌ను గానీ జరిపారా? కింది ఇంటివాళ్ల బెడ్‌రూమ్ మీదకు మీ నీళ్ల పని రాకూడదని చాలా బోర్డుల నియమం. 'పొడి మీద తడి' కూడదంటారు. డొల్ల మోత వినిపించిన చోట్లు ఇక్కడ పనికొస్తాయి. అమ్మేవాళ్లు బోర్డుతో చేసుకున్న 'ఆల్టరేషన్ అగ్రిమెంట్' కాపీ అడగండి. చాలా బిల్డింగుల్లో కొనేవాళ్లు దాని మీద సంతకం పెట్టి బాధ్యత నెత్తికెత్తుకోవాలి. అంటే ఐదేళ్ల కిందట వాళ్లు వేయించిన పైపు రేపు కారి కింది ఇంటి సీలింగు పడితే, బిల్లు మీకు.

చారిత్రక ప్రాంతంలో ఉంటే కిటికీలు మార్చడానికి ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కూడా కావాలి. అప్పర్ వెస్ట్ సైడ్‌లో పెద్ద భాగం 1990 నుంచి అలాంటి ప్రాంతమే. కొత్త కిటికీలు కనబడితే ఆ పర్మిట్ కూడా వెతకండి.

ఆఫర్, లాయరు

ఆఫర్ ఒప్పుకున్నారని ఫోనొస్తే స్వీట్లు పంచకండి. న్యూయార్క్‌లో కాంట్రాక్టు మీద ఇద్దరి సంతకాలూ పడేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. సంతకం రోజున 10 శాతం ఎస్క్రోలో, అంటే కొనుగోలు పూర్తయ్యేదాకా డబ్బు ఆపి ఉంచే ఖాతాలో, పెడతారు.

ఈ మధ్యలో పని లాయరుది. కో-ఆప్‌లు రోజూ చేసే లాయరునే పెట్టుకోండి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇళ్ల క్లోజింగులు (డబ్బు చెల్లించి ఇల్లు చేతులు మారే చివరి ఘట్టం) చేసే మీ స్నేహితుడి లాయరు మంచివాడే కావచ్చు, కానీ ఇది వేరే ఆట. మీ కో-ఆప్ లాయరు బిల్డింగు ఆఫీసుకు వెళ్లి, లేదా ఫైల్ తెప్పించుకుని, రెండు మూడేళ్ల బోర్డు మీటింగుల మినిట్స్ చదువుతాడు. ఆ చదివింది ఒక పేజీలో రాసివ్వమని అడగండి. నేనైతే నాలుగు విషయాలు ప్రత్యేకంగా అడిగాను.

మొదటిది బిల్డింగు మీదున్న లోను ఎప్పుడు తిరగరాస్తారన్నది. తక్కువ వడ్డీ రోజుల్లో తీసుకున్న లోను గడువు ఇప్పుడు తీరితే, కొత్త వడ్డీ భారం మెయింటెనెన్స్‌లోనే కలుస్తుంది.

రెండోది బయటి గోడలు. 1979లో బ్రాడ్వే మీద ఒక బిల్డింగు నుంచి పెచ్చు ఊడిపడి బార్నార్డ్ కాలేజీ విద్యార్థిని చనిపోయింది. అప్పటి నుంచి వచ్చిన చట్టాల వల్ల ఆరంతస్తులు దాటిన ప్రతి బిల్డింగూ ఐదేళ్లకోసారి బయటి గోడలు తనిఖీ చేయించాలి. మరమ్మతు పెద్దదైతే 'అసెస్‌మెంట్' పేరుతో అందరి దగ్గరా వసూలు చేస్తారు, మీ కిటికీ ముందు పరంజా ఏళ్ల తరబడి నిలబడుతుంది.

మూడోది లోకల్ లా 97 అనే నగర చట్టం. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు కార్బన్ పరిమితి 2024 నుంచి మొదలైంది, 2030లో ఇంకా బిగుస్తుంది. దాటితే టన్నుకు 268 డాలర్లు. పాత బాయిలర్ ఉన్న బిల్డింగు దీనికి ఏం చేయబోతోందో మినిట్స్‌లో ఒక్క మాటైనా కనబడాలి. కనబడకపోతే బోర్డు నిద్రపోతోందని అర్థం.

నాలుగోది గ్యాస్. ఎక్కడో లీకు కనిపిస్తే లైను ఆపేస్తారు, పైపులన్నీ పరీక్షించి తిరిగి ఇవ్వడానికి నెలలు పడుతుంది. ఆ మధ్య ఎప్పుడైనా ఆగిందా, ఎంతకాలం?

అమ్మేవాళ్ల పేరున తెరిచి ఉన్న పర్మిట్లన్నీ క్లోజింగ్ లోపు మూయించాలని, లేకపోతే కొంత సొమ్ము ఎస్క్రోలో ఆపాలని కాంట్రాక్టులోనే రాయించండి. ఇంటి నియమాల పుస్తకం కూడా ఇప్పుడే చదవండి. నేలలో 80 శాతం కార్పెట్ కప్పాలన్న నియమం చాలాచోట్ల ఉంటుంది, ఆ అందమైన హెరింగ్‌బోన్ మీకు మిగిలేది ఐదో వంతే. అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉండటానికి అతిథుల నియమం ఒప్పుకుంటుందో లేదో తెలుసుకోవలసిందీ ఇప్పుడే, బోర్డు ముందు కాదు.

బోర్డు

కాంట్రాక్టు తర్వాత బోర్డుకు ఇవ్వాల్సిన కాగితాలు ఇవి: రెండేళ్ల ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటరు, ఇప్పటి ఇంటి ఓనరు లెటరు, మీ గురించి మంచి మాట రాసే నలుగురైదుగురి లెటర్లు. అన్నీ కలిపితే పెళ్లి ఆల్బమంత అవుతుంది. ప్రతి అంకె ఇంకో కాగితంలోని అంకెతో సరిపోవాలి.

బోర్డు మిమ్మల్ని చేసే ఇంటర్వ్యూలో తక్కువ మాట్లాడండి. మనవాళ్ల ఇబ్బంది ఇక్కడే, ఎవరైనా మర్యాదగా పలకరిస్తే పుట్టిన ఊరి దగ్గర నుంచి మొదలుపెడతాం. మా ఇంటర్వ్యూ ఇరవై నిమిషాలు. ఒకాయన "వయొలిన్ ఎవరు వాయిస్తారు?" అని అడిగాడు. ఏదో లెటర్లో మా అమ్మాయి గురించి రాశారట. రాత్రి ఎనిమిది దాటాక వాయించదని చెప్పాం, అందరూ నవ్వారు. రెనొవేషన్ ప్రశ్నలు, ఫిర్యాదులు, సలహాలు అక్కడ వద్దు.

వీసా, గ్రీన్‌కార్డు గురించి భయం ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ హోదా, పుట్టిన దేశం, మతం చూసి కాదనడం న్యూయార్క్ నగర మానవ హక్కుల చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. కారణం చెప్పనక్కర్లేని బోర్డు విషయంలో దాన్ని నిరూపించడం కష్టమేననుకోండి. అందుకే కాగితాల్లో వేలు పెట్టడానికి సందు ఇవ్వకూడదు.

క్లోజింగ్ రోజు, ఆ తర్వాత

సంతకాలకు ముందు అదే రోజు ఇల్లు మరోసారి చూస్తారు. కుళాయిలు, స్టవ్ బర్నర్లు, ఫ్రిజ్, ప్రతి స్విచ్చూ వేసి చూడండి. గోడలకు ఉన్న పెయింటింగులు తీశాక వెనకాల తడి మరకలున్నాయేమో ఇప్పుడే బయటపడుతుంది. ఎండాకాలం కొంటే హీటింగ్ పరీక్షించలేరు, దాని గురించి లాయరుతో ముందే మాట్లాడుకోండి.

హీటింగ్ కాలం అక్టోబరు 1 నుంచి మే 31 దాకా. పగలు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గితే లోపల కనీసం 68 ఉండాలని నగరం నియమం. ప్రీవార్ ఇళ్లలో వచ్చే ఇబ్బంది చలి కాదు, ఉక్క. జనవరిలో కిటికీ తెరిచి పడుకునేవాళ్లను చూస్తారు. ఉక్కగా ఉందని చాలామంది రేడియేటర్ పక్కనున్న వాల్వును సగం తిప్పి వదిలేస్తారు. ఒకే పైపు వచ్చే రేడియేటర్‌లో లోపలికొచ్చే ఆవిరికీ, బయటికిపోయే నీళ్లకూ అదే దారి. సగం మూస్తే రెండూ ఢీకొని, అర్ధరాత్రి ఎవరో సుత్తితో గోడ కొడుతున్నట్టు మోగుతుంది. పూర్తిగా తెరవండి, లేదా పూర్తిగా మూసేయండి. అప్పటికీ మోగితే బిల్డింగు సూపర్‌ను (మరమ్మతులు చూసుకునే ఉద్యోగిని) పిలిచి, రేడియేటర్ కింద వాల్వుకు ఎదురు కొస వైపు చిన్న చెక్కముక్క పెట్టించండి. నీళ్లు వెనక్కి జారిపోతాయి, మోత ఆగుతుంది.